గ్రహణం సరిచూడని ఏడాది

విజయసారథికి తొందరెక్కువ. బస్సు పూర్తిగా ఆగకముందే దిగుతాడు. పాయసం చల్లారకముందే నోట్లో పోసుకుంటాడు. క్లాసులో పిల్లలు లెక్క సగం చేయకముందే జవాబు బోర్డు మీద రాసేసి "ఇంతేగా" అంటాడు. బాపట్ల హైస్కూల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్తున్నాడు. జవాబు కంటే జవాబు దాకా నడిచే దారి ముఖ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదనడానికి లేదు. చెప్పినాయన ఉన్నారు. విననిది ఈయనే.

చెప్పినాయన వెంకటరాఘవయ్య. తెనాలిలో కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో అందరికీ లెక్కల మాస్టారు. సారథి చేబ్రోలు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకున్న రోజుల్లో మధ్యాహ్నం భోజనం మాస్టారింట్లోనే. మాస్టారి భార్య వేదవతమ్మ, "నువ్వు హోటల్లో తిన్నావంటే నా వంటకి వంకపెట్టినట్టే" అని పిలిచి మరీ కూర్చోబెట్టేది. కందిపచ్చడిలో ఆవిడ వేసినంత నెయ్యి సారథికి కన్నతల్లి కూడా వేయలేదు. ఆ మాట తల్లి దగ్గర ఎప్పుడూ అనలేదనుకోండి.

మాస్టారికి ఒక వ్యసనం ఉండేది. పొద్దున్నే వేదవతమ్మ ఫిల్టర్లో పొడి వేసి వేణ్ణీళ్లు పోస్తే, డికాక్షన్ దిగేలోపల ఆయన ఆ రోజు తిథి ఎప్పటిదాకా ఉందో లెక్కకట్టాలి. కలియుగం మొదలైన దగ్గర్నుంచి నేటికి ఎన్ని రోజులో పట్టుకుని, సూర్యుడెక్కడున్నాడు, చంద్రుడెక్కడున్నాడు అని గుణకారాలు, తీసివేతలు, అన్నీ మనసులోనే. "ఇవాళ పదిన్నర దాకా సప్తమి, వేదవతీ" అనేవారు. "కాఫీ చల్లారుతోంది" అనేది ఆవిడ. ఆ ఇంట్లో అదే సుప్రభాతం.

కాలేజీకి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు మిగతావాళ్లు దానికి బొట్టుపెట్టి, గుడ్డకప్పి, దూరంగా నిలబడ్డారు. మాస్టారు సాయంత్రాలు దాని ముందు కూర్చుని, తన తలలో జరిగే లెక్కనంతా ఒక్కో వరుసగా దానికి నేర్పారు. ఏడాది మొత్తానికి తిథులూ నక్షత్రాలూ కట్టిపెట్టే ప్రోగ్రాము అది. రాసిందాన్ని పదిసార్లు చూసుకుని గాని పదకొండో వరుసకు వెళ్లే మనిషి కాదు కనుక, అది పూర్తవడానికి కొన్నేళ్లు పట్టింది. తరువాత కాలేజీవాళ్లు ఆ కంప్యూటర్ని తీసేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నారు.

చూపు మందగించాక పంచాంగం పనంతా సారథికి అప్పగించారు. ఏటా ఉగాదికి సారథి పేరుతో చిన్న పంచాంగం ఒకటి వస్తుంది. బాపట్ల నుంచి రేపల్లె దాకా, అటు నిజాంపట్నంలో కొత్త పడవని నీళ్లలోకి దించే ముహూర్తం దాకా దాన్నే చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. అట్ట మీద పేరు సారథిది. లోపలి లెక్క మాస్టారిది. ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురో నలుగురో.

పాత మెషీను ఒక వానాకాలం కాస్త పొగ వదిలి కన్నుమూసింది. కొత్త కంప్యూటర్లు ఆ పాత ప్రోగ్రాముని దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు మాస్టారు కూతురు వాగ్దేవి చేత ఇంటర్నెట్లో వెతికించి ఒక ఎమ్యులేటర్ సంపాదించారు. ఎక్కడెక్కడి వాళ్లో ఇష్టంకొద్దీ తయారుచేసి, తమ సొంత సైట్లో ఊరికే ఇస్తున్న సాఫ్ట్‌వేర్ అది. దాన్నీ తన ప్రోగ్రామునీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి సారథి చేతికిచ్చారు.

"ఇది కొత్త కంప్యూటర్లో కూర్చుని పాత కంప్యూటరు వేషం కడుతుందిరా. నా ప్రోగ్రాము దాన్ని చూసి పాత మెషీనే అనుకుని తన పని తాను చేసుకుపోతుంది. కాని మన తెనాలిలో ఎన్ని వేషాలు చూడలేదు? కిరీటం పెట్టుకున్న ప్రతివాడూ పద్యం శ్రుతిలో పాడతాడా? ఏటా పని మొదలెట్టే ముందు పరీక్ష పెట్టు."

పరీక్ష ఏమిటంటే, తొంభై అయిదులో దీపావళి అమావాస్యకి పట్టిన సూర్యగ్రహణం. ఆ రోజు మాస్టారు డాబా మీద నిలబడి దాని వేళలు స్వయంగా చూసుకున్నారు. ప్రోగ్రాముకి ఆ తేదీ ఇచ్చి, అమావాస్య ముగిసే వేళ ఆ గ్రహణం నడిమధ్య వేళతో సరిపోతేనే మిగతా లెక్కకు దిగాలి. సరిపోకపోతే వేషగాణ్ని మార్చాలి. పావుగంట పని. సారథి ఏటా చేశాడు, మాస్టారు ఏటా అడిగారు.

ఆ ఏడాది సారథి కొత్త లాప్‌టాప్ కొన్నాడు. పెన్‌డ్రైవ్‌లోని కాపీ ఏడాది లెక్క కట్టాలంటే ఒక మధ్యాహ్నమంతా తీసుకునేది. కొత్తది కొన్నాక కూడా ఇంతసేపా అని ఆయనకు చిరాకు. వెతికితే, అదే పేరుకి 'ప్రో' అని తోక తగిలించిన సైటు ఒకటి అన్నిటికన్నా పైన కనబడింది. పదిరెట్లు వేగం అని రాసుంది. డబ్బు కట్టమంది. డబ్బు కట్టమనేసరికి సారథికి గురి ఇంకా కుదిరింది. ఊరికే ఇచ్చేది నాసిరకమని, ఖరీదు పెట్టిందే అసలుదని మనవాళ్లకి ఒక నమ్మకం ఉందిగా, అదీ సంగతి. కట్టాడు, దించుకున్నాడు. ఏడాది పంచాంగం టిఫిన్ చేసి వచ్చేలోపల తయారైపోయింది. అవతల ప్రెస్సువాడు ఫోన్లు చేస్తున్నాడు. పావుగంట పరీక్ష ఆ ఏడాదికి మానేసి ప్రెస్సుకి పంపించేశాడు.

పంచాంగం ఉగాదికి వచ్చింది, అమ్ముడుపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి పంచాంగానికీ మరొకరి పంచాంగానికీ తేడాలు ఉండటం మన దగ్గర మామూలే. ఒకాయన పండగ ఇవాళంటే ఒకాయన రేపంటాడు, జనం తమ ఇంటి పంచాంగాన్ని పట్టుకుని పోతారు. తప్పు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఇంకొకటి దొరకదు.

శ్రావణ బహుళ తదియ వేదవతమ్మ తిథి. ఆవిడ పోయి అప్పటికి కొన్నేళ్లయింది. మగపిల్లలు లేరు కనుక తద్దినం మాస్టారే పెడతారు. తద్దినానికి పొద్దున ఏ తిథి ఉందని చూడరు. మధ్యాహ్నం, భోక్తలు విస్తళ్ల ముందు కూర్చునే వేళకు ఏ తిథి నడుస్తోందో చూస్తారు. అందుకని రెండు గంటలు అటూ ఇటూ అయితే రోజే మారిపోతుంది.

వారం ముందు మాస్టారు ఫోన్ చేశారు.

"సారథీ, నీ పంచాంగం ప్రకారం తద్దినం బుధవారం వస్తోంది. నాకు మంగళవారం వస్తోంది. రెండున్నర గంటలు తేడారా."

"మళ్లీ ఒకసారి చూసి చెప్తానండి మాస్టారూ."

చూశాడు. అదే లాప్‌టాప్, అదే కాపీ, అదే జవాబు.

"బుధవారమేనండి."

"నా ప్రోగ్రామే చెప్పిందా?"

"మీదేనండి. ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

"గ్రహణం సరిచూశావా?"

లేదండి అన్న ఒక్క మాట చాలు. ఇప్పుడే చూస్తానంటే సరిపోయేది. కాని యాభై దాటినవాడు, తన పేరున పంచాంగం ఉన్నవాడు, హోంవర్కు చేయని పిల్లాడిలా గురువు ముందు నిలబడటమేంటి అనుకున్నాడో ఏమో. నిజానికి ఏమీ అనుకోలేదు. నోటికి ఏది తొందరగా వస్తే అది అనేశాడు.

"చూశానండి."

"అయితే నాదే తప్పు" అన్నారు మాస్టారు.

వాగ్దేవి రేపల్లెలో జూనియర్ కాలేజీ లెక్చరరు. తద్దినం వంటకి సాయానికని ముందే తెనాలి వచ్చింది. ఫోన్లో పంచాంగం చూసి, "ఇందులో కూడా మంగళవారమనే ఉంది నాన్నా" అంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"అది ఎవరు రాశారో, ఏ లెక్క పట్టుకున్నారో మనకు తెలీదమ్మా. ఇది నేను రాసింది. నలభై ఏళ్ల వయసులో, ఒళ్లు దగ్గరపెట్టుకుని రాశాను. సారథి గ్రహణంతో సరిచూశాడు. అప్పటి నేను ఒకటి చెప్తున్నాను, ఇప్పటి నేను ఒకటి చెప్తున్నాను. ఎవరిది నమ్మాలి చెప్పు?"

తద్దినం బుధవారం జరిగింది. సారథి బాపట్ల నుంచి పొద్దున బండికే వచ్చాడు. భోక్తలు తృప్తిగా తిని లేచారు. మాస్టారు పిండాలు పెట్టేటప్పుడు మంత్రం చెప్పే బ్రహ్మగారు తిథి పేరు పలికితే, ఒక క్షణం ఆగి, ఆయన అన్నది తాను కూడా అన్నారు. ఆ ఆగడం సారథి చూశాడు. చూసి, మాస్టారంతటివారిని తన పంచాంగం దిద్దిందని లోపల ఒక మూల కాస్త పొంగాడు కూడా. ఈ సంగతి తరువాత ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

సాయంత్రం వరండాలో మాస్టారు అన్నారు. "ఈ వారంలో నాలుగుసార్లు కట్టి చూశాన్రా. నాలుగుసార్లూ మంగళవారమే వచ్చింది. తప్పు ఎక్కడో ఒకచోట పడితే దొరుకుతుంది. ప్రతిసారీ ఒకేలా పడుతోందంటే తలలోనే ఏదో జారిపోయిందన్నమాట. నేను వాగ్దేవి దగ్గరికి రేపల్లె వెళ్లిపోతున్నాను."

"ఎందుకండి మాస్టారూ? ఒక్క తిథికేనా?"

"తిథి తప్పేవాడికి గ్యాస్ కట్టేశాడో లేదో గుర్తుంటుందా?"

అంతవరకు ఒక్కడే ఉండి, బజారుకు వెళ్లి కూరలు తెచ్చుకుని, వంట చేసుకుని, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉన్న మనిషి. వినాయకచవితికల్లా తెనాలి ఇల్లు అద్దెకిచ్చేసి, బట్టల పెట్టె పట్టుకుని రేపల్లె వెళ్లిపోయారు.

కార్తీకమాసంలో సారథి మరుసటి ఏడాది పంచాంగానికి కూర్చున్నాడు. లాప్‌టాప్ తెరవగానే పేకాట ఆడమని ఒక ప్రకటన, అది మూస్తే అప్పు కావాలా అని మరొకటి. ఆ తరువాత ప్రో మహాశయుడు అసలు లేవనే లేదు. విసుక్కుని, అటకమీది సంచిలోంచి మాస్టారిచ్చిన పాత పెన్‌డ్రైవ్ తీశాడు. అందులోని కాపీ బుద్ధిగా తెరుచుకుంది. చాన్నాళ్లకి తీశాం కదా అని గ్రహణం తేదీ ఇచ్చి చూశాడు. సరిగ్గా సరిపోయింది. కొత్త ఏడాది లెక్కకి దింపితే గంటలు పట్టేట్టుంది, ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నవాడికి ఏదో ఒకటి తోస్తుంది. అదే కాపీని ఇంకోపక్క కూడా తెరిచి, ఈ ఏటి శ్రావణమాసం ఇచ్చి చూశాడు.

మంగళవారం వచ్చింది.

ఆయన లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ చూశాడు. తరువాత కుస్తీ పట్టి ప్రోని లేపి, దానికి ఆ గ్రహణం తేదీ ఇచ్చాడు. దాని లెక్కలో గ్రహణం విడిచి, జనం స్నానాలు చేసి వంటలు మొదలెట్టాక గాని అమావాస్య పూర్తవలేదు.

అసలు కాపీ తయారుచేసినవాళ్ల సైటుకు వెళ్లి చూస్తే, మొదటి పేజీలోనే ఉంది. మేము ఎవరి దగ్గరా డబ్బు తీసుకోము, మా పేరుతో అమ్మేవి మావి కావు, వాటిలో లెక్కలు తప్పుతున్నాయి, జాగ్రత్త అని. వేగంగా నడుస్తున్నట్టు కనబడాలని ఎవడో ఆ నకిలీలో దశాంశాల చివరి అంకెలు కోసేశాడు. చిన్న లెక్కల్లో అది తెలియదు. కలియుగం నుంచి లక్షల రోజులు పట్టుకుని గుణించేచోట ఆ తెగిన అంకెలే గంటలవుతాయి. కొన్ని తిథుల్లో నిమిషం తేడా లేదు. కొన్నిట్లో రెండు గంటలు, రెండున్నర గంటలు.

మాస్టారి ప్రోగ్రాములో తప్పు లేదు. మాస్టారి తలలో తప్పు లేదు. మధ్యలో వేషగాడు తప్పు పాడాడు, వాణ్ని తెచ్చి నిలబెట్టింది సారథి.

భార్య శివపార్వతికి చెప్పాడు. ఆవిడ చేస్తున్న పని ఆపి విన్నది.

"ఈ సాయంత్రం బండికే వెళ్లి చెప్పండి. ఆయన తన బుర్ర చెడిపోయిందనుకుంటున్నారు, పాపం."

"చెప్తే అమ్మగారి తద్దినం తప్పు రోజున పెట్టించానని కూడా చెప్పాలిగా."

"చెప్పండి. పెట్టించారుగా."

శివపార్వతి మాటలు ఇంతే, పప్పుకి తిరగమోత పెట్టినట్టు ఒక్కసారి చుర్రుమంటాయి. సారథికి ఆ మాట నచ్చలేదు. నచ్చకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ మాట బయటికి పొక్కితే పంచాంగం ఏం కావాలి? వేదవతమ్మది ఒక్కటేనా? ఆ పంచాంగం చూసి ఎన్ని ఇళ్లలో ఎన్ని తద్దినాలు ఏ రోజున పెట్టారో, ఎవరికి తెలుసు? దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. అయినా రేపల్లె వెళ్లాడు. వెళ్లలేదని అనకూడదు.

తెనాలిలో బండి మారి, వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే, ఎలా మొదలెట్టాలో మనసులో అనుకుంటూనే ఉన్నాడు. మాస్టారు ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్లు తగ్గారు గాని మాట అలాగే ఉంది. బాపట్ల విశేషాలు అడిగారు, కొత్త పంచాంగం ఎంతవరకు వచ్చిందన్నారు. "ఇవాళ తిథి ఏంటండి మాస్టారూ?" అని సారథి కావాలనే అడిగాడు.

"గోడకి క్యాలెండర్ ఉందిగా, చూడు" అన్నారాయన.

వాగ్దేవి కాఫీ ఇస్తూ సారథిని పెరటివైపు రమ్మంది.

"పొద్దున్నే లెక్క కట్టడం మానేశారు తమ్ముడూ. నేను అడిగినా కట్టరు. డాక్టరుకి చూపిస్తే వయసుకి బాగానే ఉన్నారన్నాడు. ఈయన నమ్మరు. ఒక్కటే మాట అంటుంటారు. నా తల ఎటు పోతే పోయింది, సారథి ఉండబట్టి మీ అమ్మ తద్దినమన్నా సరైన రోజున జరిగింది, అంటారు. ఆ తృప్తితోనే ఉన్నారనుకో."

సారథి నోటి దాకా వచ్చిన మాట అక్కడ ఆగిపోయింది. ఆ తృప్తి కూడా లాక్కోవడమెందుకు అనుకున్నాడు. మంచి కారణం దొరికింది. ఎంత మంచి కారణమంటే, దాని వెనకాల తన పంచాంగం, తన పేరు, తను ఆడిన అబద్ధం మూడూ సుఖంగా కూర్చోవచ్చు. కాఫీ తాగి, మాస్టారికి దండం పెట్టుకుని తిరిగి వచ్చేశాడు. బండిలో తనకు తానే జాలిగుండె కలవాడిలా కనిపించాడు కూడా.

సంక్రాంతి దాటాక మళ్లీ వెళ్లాడు. ఈసారి మాస్టారు పెద్దగా మాట్లాడలేదు. కుర్చీలో నిద్రపోతున్నారో మేలుకుని ఉన్నారో తెలియలేదు. శివపార్వతి అడిగితే, "సందర్భం రాలేదు" అన్నాడు. ఆవిడ ఆ తరువాత అడగడం మానేసింది.

కొత్త పంచాంగం అసలు కాపీతో, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, గ్రహణం సరిచూసి మరీ తయారుచేశాడు. దాంతో ప్రాయశ్చిత్తం అయిపోయినట్టేనని మనసుకు నచ్చజెప్పబోయాడు. అది వినలేదు. శివరాత్రి వెళ్లాక ఒకరోజు వాగ్దేవి ఫోన్ చేసింది. పొద్దున్నే కాఫీ ఇస్తుంటే నాన్న తన మొహంలోకి చూసి "వేదవతీ" అన్నారని, వెంటనే దిద్దుకున్నారని చెప్పింది. మామూలుగానే చెప్పింది. సారథి ఆ ఆదివారమే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

వాగ్దేవిని కూడా కూర్చోమన్నాడు. దాచకుండా అంతా చెప్పాడు. డబ్బు కట్టి నకిలీ కాపీ తెచ్చింది, గ్రహణం సరిచూడనిది, చూశానని అబద్ధమాడింది, తద్దినం రోజు తప్పింది, కార్తీకంలోనే తెలిసి ఇన్నాళ్లూ నోరుమూసుకున్నది. చెప్తున్నంతసేపు వాగ్దేవి మొహం వైపు చూడలేకపోయాడు. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

మాస్టారు అంతా విన్నారు. "అయితే మంగళవారమన్నమాట" అన్నారు.

"మంగళవారమేనండి. మీ లెక్కే ఒప్పు మాస్టారూ. మీ తలకి ఏమీ కాలేదు. నాలుగుసార్లు కట్టారు, నాలుగుసార్లూ మీరే కరెక్టు."

మాస్టారు చిన్నగా నవ్వారు. "నన్ను ఊరడించడానికి ఇంత దూరం వచ్చావా?"

"ఊరడింపు కాదండి. చూడండి." లాప్‌టాప్ తెరిచి రెండు కాపీలూ పక్కపక్కన నడిపించాడు. ఒకదాంట్లో మంగళవారం, ఒకదాంట్లో బుధవారం. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండూ చూశారు.

"అప్పుడూ ఇది నా ప్రోగ్రామే అన్నావు. ఇప్పుడూ నా ప్రోగ్రామే అంటున్నావు. అప్పుడు సరిచూశానన్నావు, ఇప్పుడూ సరిచూశానంటున్నావు. ఏది అసలుదో నాకెలా తెలుస్తుంది నాయనా?"

సారథికి ఉన్న దారి ఒక్కటే. "మీరే కట్టి చూడండి మాస్టారూ. మీ చేత్తో కట్టండి. ఏది సరిపోతే అదే అసలుది."

వాగ్దేవి తెల్లకాగితం, పెన్సిలు తెచ్చి చేతికిచ్చింది. మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆ జరగడంలో పాత మాస్టారు కనిపించి సారథికి ప్రాణం లేచొచ్చింది. కలియుగం నుంచి రోజులు వేశారు. అంకెలు ఇంకా గుండ్రంగా, దూరం దూరంగా, వెనకబెంచీవాడికి కూడా కనబడేట్టు రాశారు. చంద్రుడికి గుణించారు. ఒక వరుస రాశారు, రెండో వరుస సగం రాశారు. పెన్సిలు అక్కడ ఆగింది.

ఆగి, కాగితం మీద అదే చోట చిన్నగా కదులుతూ ఉంది. గుర్తుతెచ్చుకుంటున్నారనుకున్నాడు సారథి. మాస్టారు రాసింది కొట్టేసి మళ్లీ మొదలెట్టారు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగారు. తలెత్తి సారథిని చూశారు.

"దీని తరువాత ఏంట్రా?"

సారథికి తెలియదు. ఎప్పుడూ నేర్చుకోలేదు. చెప్తాను కూర్చోరా అని మాస్టారు ఎన్నిసార్లు పిలిచినా, మెషీను ఉందిగా మాస్టారూ అనేవాడు. జవాబులు అచ్చువేసుకున్నాడే గాని, ఆ దారిలో ఒక్కసారి కూడా నడవలేదు. లెక్కలు చెప్పి బతికినవాడు, పంచాంగం అట్ట మీద పేరున్నవాడు, ఆ సగం వరుస ముందు అలాగే కూర్చుండిపోయాడు.

కార్తీకంలో ఈ కుర్చీ దగ్గర, ఈయన మాట ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు, ఈ కాగితమే చేతికిచ్చి ఉంటే కట్టేసేవారు. అప్పటికే నెలల తరబడి మానేసినా, పట్టుదలకి కట్టేసేవారు. మానడం మొదలుపెట్టించింది సారథి అబద్ధం, మానిందాన్ని మరిచిపోయేదాకా తెచ్చింది సారథి మౌనం. వయసు కూడా ఒక చెయ్యి వేసి ఉండొచ్చు. ఎవరిది ఎంతో తేల్చే లెక్క ఎవరికీ రాదు. సారథికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"క్షమించండి మాస్టారూ."

మాస్టారు పెన్సిలు పక్కన పెట్టేశారు. చెయ్యి చాచి సారథి భుజం మీద వేశారు.

"పోనీలేరా. నువ్వు చెప్తున్నావుగా. మంగళవారమే అయ్యుంటుంది."

ఎవరేం చెప్పినా, దేవుడొచ్చి చెప్పినా, లెక్క చూడకుండా తల ఊపని మనిషి ఆయన. సారథికి తెలిసిన ఇన్నేళ్లలో ఒక మాటను ఊరికే నమ్మడం అదే మొదలు. కిటికీ దగ్గర వాగ్దేవి మొహం అటు తిప్పుకుంది.

"ఈ ఏడు వేదవతి తద్దినం ఏ రోజు వస్తుందో, అది కూడా నువ్వే చూసి చెప్పు నాయనా" అన్నారు మాస్టారు. "నాకు తెలీదు."